మూత మీద బొటనవేలు

వేలిముద్ర మేస్త్రి గురించి జనం చెప్పుకునేవన్నీ వినాలంటే మనిషికి రెండు చెవులు చాలవు. ఒకసారి ఆయన ఒక లాప్‌టాప్ మూత మీద బొటనవేలు ఆనించి, లోపల ఒక స్క్రూ తక్కువైందనీ, అది బిగించాల్సినవాడు ఆ పూట పెళ్లాంతో పోట్లాడి పనికి వచ్చాడనీ చెప్పాడట. కంపెనీకి ఉత్తరం రాస్తే నిజమేనని జవాబు కూడా వచ్చిందట. ఆ ఉత్తరం ఏదీ అని అడిగితే ఎలుక కొట్టేసిందంటాడు మేస్త్రి. ఎలుక ఏదీ అంటే, "ఆ ఉత్తరం చదివి సిగ్గేసి ఊరొదిలిపోయింది" అంటాడు.

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాడు. "లెక్కల మాస్టారు నన్ను వదిలించుకున్నాడు, నేను లెక్కల్ని వదిలించుకున్నాను, ఇద్దరం చల్లగా ఉన్నాం" అని నవ్వేవాడు. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఆ తర్వాత బండరాళ్లలాంటి మానిటర్లు, చివరికి లాప్‌టాప్‌లు. కాలం ఏది పాడుచేస్తే అది బాగుచేస్తూ వచ్చాడు. కొట్టు ఒక పాత మేడ మెట్ల కింద, జిరాక్సు షాపు పక్కన. కప్పు ఏటవాలుగా దిగి ఉంటుంది. లోపలికి వచ్చిన ప్రతివాడి నెత్తీ ఠపీమని తగులుతుంది. "నా కొట్టుకి తల వంచనివాడికి తల పగులుతుంది" అనేవాడు.

ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో చవక లాప్‌టాప్ కొనాలంటే మేస్త్రి వెంట రావాల్సిందే. ఖరీదైనవి కొనేవాళ్లు ఆయన జోలికి వచ్చేవాళ్లు కారు. "ఖరీదైనదాన్ని కళ్లు మూసుకుని కొనొచ్చు. చవకదానికే నాలుగు కళ్లు కావాలి" అనేవాడు. ఆయన పరీక్ష చూడటానికి షాపులో పక్క బల్లల దగ్గరవాళ్లు కూడా మూగేవాళ్లు. ముందు మెషిన్‌ను ఒక మూల పట్టుకుని ఒంటిచేత్తో లేపుతాడు. కిర్రుమందా, పక్కన పెట్టేస్తాడు. "పుట్టినరోజే నడుంనొప్పి అంటోంది, దీనితో కాపురమేం చేస్తారు?" మూతను ఒక్క వేలితో తెరుస్తాడు. మూతతోపాటు కింది భాగం కూడా లేచి వస్తే హింజ్, అంటే మూత తిరిగే కీలు, మరీ బిగువన్నమాట, అలాంటిది ఏడాది తిరక్కుండా చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను పీక్కుని బయటికొస్తుంది. తెరిచాక బల్ల మీద ఒక్క చరుపు చరుస్తాడు. స్క్రీను అదేపనిగా తలాడిస్తూ ఉంటే హింజ్ వదులు. కీబోర్డు నడిమధ్య నొక్కుతాడు. పరుపులా దిగిపోతే కింద ఆసరా లేదు.

అసలు పరీక్ష చివర్లో ఉంటుంది. స్క్రీను మీద తెల్ల పేజీ పెట్టించి, మూత వెనక, కంపెనీ గుర్తుకు రెండు వేళ్లు కిందగా బొటనవేలు ఆనించి ఒత్తుతాడు. మూత పల్చనిదైతే ఆ ఒత్తిడి నేరుగా స్క్రీనుకు తగిలి తెల్ల పేజీ మీద నీళ్లు కదిలినట్టు అలలు లేస్తాయి. గట్టిదైతే పేజీ పేజీలాగే ఉంటుంది. ఎంత ఒత్తాలన్నదే విద్య. తక్కువ ఒత్తితే ప్రపంచంలో అన్ని మూతలూ గట్టివే. ఎక్కువ ఒత్తితే ఒక్కటీ మిగలదు. ఆ రెంటి నడుమ కొలత మేస్త్రి బొటనవేలి కొసలో ఉండేది, ఇంకే పుస్తకంలోనూ లేదు.

నెగ్గిన మెషిన్‌ను చూసి "చెల్లుతుంది" అనేవాడు. మూత మీద ఆయన వేలి మరక మిగిలేది. దాన్ని ఆ రోజంతా ఎవరూ తుడిచేవాళ్లు కారు. వేలిముద్ర అన్న పేరు అలా వచ్చింది, బడి మానేసినందుకు కూడా కలిసొచ్చింది. ఇంకో నియమం ఏమిటంటే, ఆయన ఒత్తిన మెషినే ఇంటికి పోవాలి. అదే రకంలో సీలు తీయని పెట్టె ఇస్తామన్నా ఒప్పుకునేవాడు కాదు. "పెట్టెలోదాన్ని కొనడమంటే పిల్ల ఫొటో చూసి పక్కింటిపిల్లను చేసుకున్నట్టు."

ఆ బొటనవేలు చచ్చిపోయి అయిదు నెలలైంది.

ఒక మధ్యాహ్నం భార్య క్యారియర్ తెచ్చి బల్ల మీద పెట్టబోయి కెవ్వుమంది. "ఏమండీ, ఆ రక్తమేమిటి?" పగిలిన స్క్రీను తాలూకు గాజు పెంకు ఒకటి వేలి కొసలో నిలువునా దిగి ఉంది. దాంతోనే పొద్దుటినుంచి పని చేశాడు. బల్ల మీద, స్క్రూడ్రైవర్ పిడి మీద, తెల్ల కాగితం మీద ఎర్రటి ముద్రలు. నొప్పన్నది లేదు. డాక్టరు సూదితో వేలి కొసన గుచ్చి గుచ్చి చూసి, షుగర్ నరాల్ని తినేసిందనీ, ఇక ముందుకు పాకకుండా చూసుకోవడమే గానీ పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టమనీ చెప్పాడు.

"ఇక ఒత్తడాలు మానేయండి. అందరికీ చెప్పేయండి" అంది భార్య దారిలో.

"ఏమని చెప్పను? ఇల్లుంది గానీ లోపల మనిషి లేడనా?"

"అదే చెప్పండి. మీరు చెప్పే మిగతా కబుర్లకంటే నమ్మేట్టుగానే ఉంది."

ఆయన చెప్పలేదు. ఉపాయం కనిపెట్టాడు. ఒత్తేటప్పుడు గోరును చూసుకునేవాడు. గోరు సగం తెల్లబడగానే ఆపేయాలి. చేయి మూత వెనక ఉంటుంది కనుక స్క్రీను చూసే పని కొనేవాళ్లకు అప్పగించాడు. "నువ్వే చూడు, నీ మెషిన్ కదా, అలలేమైనా లేచాయేమో చెప్పు" అనేవాడు. వాళ్లేమో మేస్త్రి తమకు విద్య నేర్పుతున్నాడని పొంగిపోయేవాళ్లు. అలా ఏడు మెషిన్లు గడిచాయి. ఏడింటికీ ఏమీ కాలేదు.

ఎనిమిదోది మేనకోడలిది.

ఆయన చెల్లెలి కూతురు. బట్టల కొట్టులో పదకొండేళ్లు నిలబడి పని చేసింది. పిక్కల మీద నరాలు తాళ్లలా తేలాయి. రాత్రి పడుకుంటే గోడకు కాళ్లు ఆనించి పెట్టుకోనిదే నిద్ర పట్టదు. రెండేళ్లుగా టైపు నేర్చుకుని, అర్జీలు పెట్టి పెట్టి, చివరికి ఒక కంపెనీలో పని దొరికింది. ఆస్పత్రుల్లో డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి రికార్డు చేసిన మాటలు వస్తాయి. ఇంట్లో కూర్చుని వాటిని టైపు చేసి ఏ రోజువి ఆ రోజు సాయంత్రం ఆరింటికల్లా పంపాలి. లాప్‌టాప్ మాత్రం సొంతది ఉండాలి. ఆరు వారాలు చూస్తారు. ఆ ఆరు వారాల్లో ఒక్క సాయంత్రం తప్పినా మరో మాట లేకుండా పొమ్మంటారు.

"మావయ్యా, ఆరు వారాలు నిలబడే మెషిన్ చూసిపెట్టు చాలు" అంది. "తర్వాత అది పడుకున్నా ఫర్వాలేదు, నేను కూర్చుంటాను."

"ఆరు వారాలేమిటే పిచ్చిదానా! నీ మనవరాలు దాని మీద పద్దులు రాస్తుంది."

"ముందు నన్ను రాయనీ."

షాపుకి ముగ్గురు వెళ్లారు. మేనకోడలి మొగుడు సరుకులు చేరవేసే వ్యాను డ్రైవరు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. షాపు కుర్రాడు మెడలో గుర్తింపు కార్డు ఊపుకుంటూ మొదటి మెషిన్ పెట్టాడు. మేస్త్రి మూల పట్టి లేపగానే కిర్రుమంది. రెండోదానికి బల్ల చరిస్తే స్క్రీను అయిదు నిమిషాలు ఊగింది. అయిదు నిమిషాలన్నది తర్వాత మేస్త్రి చెప్పిన లెక్క.

"పెద్దాయనా, అది పుచ్చకాయ కాదు తట్టి చూడటానికి" అన్నాడు షాపువాడు.

"పుచ్చకాయ అయితే ముక్క కోసి చూపిస్తావు. దీన్ని కోసి చూపించు, తట్టను."

మేనకోడలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. షాపువాడికి మండింది. మూడోది తెచ్చి బల్ల మీద పెట్టాడు. బూడిదరంగుది. లేపితే చప్పుడు లేదు. ఒక్క వేలితో తెరుచుకుంది, కింది భాగం బల్లను వదల్లేదు. కీబోర్డు గచ్చులా ఉంది.

"ఇప్పుడు ఒత్తండి" అన్నాడు షాపువాడు చేతులు కట్టుకుని. "ఇది మాత్రం మీ వేలికి లొంగదు. వేలు విరిగితే మా పూచీ లేదు."

తెల్ల పేజీ పెట్టారు. మేనకోడలు స్క్రీను ముందుకు వంగింది. మేస్త్రి వేలు ఆనించాడు. చూడాల్సింది గోరు. చూసింది షాపువాడి మొహం.

"ఏమే, కదిలిందా?"

"లేదు మావయ్యా."

"ఇప్పుడు?"

"ఊహూఁ."

"ఏం నాయనా, లొంగదన్నావుగా, నీ మాటే నిజం" అని కుర్రాడి కళ్లల్లోకి చూస్తూ మూడోసారి ఒత్తాడు. "ఇప్పుడు?"

"ఏదో సన్నగా... కాదులే, పైనున్న లైటు పడింది."

"చెల్లుతుంది" అన్నాడు మేస్త్రి.

షాపువాడు లోపలికి పోయి సీలు తీయని పెట్టె తెచ్చాడు. "ఇది డిస్‌ప్లేకి పెట్టింది, ఇదిగో కొత్తది తీసుకోండి."

"నేను ఒత్తిందే ఇయ్యి."

"సీలున్నది తీసుకుంటే..." అన్నాడు అల్లుడు గోడ దగ్గర్నుంచి. ఆ రోజు పది మాటల్లో అవి రెండు.

"అల్లుడూ, నువ్వు వ్యాను తోలేటప్పుడు నేనెప్పుడైనా స్టీరింగ్ పట్టుకున్నానా?"

మూత మీద మరకతో సహా మెషిన్ ఇంటికి వచ్చింది.

మూడో రోజున తెల్ల పేజీ మీద పప్పుగింజంత మచ్చ కనిపించింది మేనకోడలికి. దుమ్మనుకుని మెత్తటి గుడ్డతో తుడిచింది. పోలేదు. పని ఆగలేదు కనుక ఊరుకుంది. పొద్దున్నే వంట ముగించి, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, కాళ్లు పీట మీద పెట్టుకుని, చెవుల్లో డాక్టర్ల గొంతులు పెట్టుకుని కూర్చునేది. వారం తిరిగేసరికి పిక్కల మీద నరాలు కాస్త దిగాయి. మావయ్యకు ఫోను చేసి ఆ మాటే చెప్పింది. మేస్త్రి ఆ రోజు జిరాక్సు షాపు ఆవిడకు, తన బొటనవేలు కాళ్ల జబ్బులు కూడా కుదురుస్తుందని చెప్పాడు.

నాలుగో వారం మంగళవారం పొద్దున్న ఆమె మూత తెరిచింది. మచ్చ దగ్గర్నుంచి అంచుదాకా వెంట్రుకవాసి గీత. గీతకు కుడివైపు స్క్రీనంతా సిరా ఒలికినట్టు నలుపు. మిగిలిన సగంలో రంగురంగుల చారలు. ముందురోజు సాయంత్రం ఆమె పొయ్యి దగ్గర ఉండగా మూత మూసింది మొగుడు. బల్ల మీద ఒక పెన్ను ఉంది.

"పెన్ను లోపల పెట్టి మూసేశావు కదూ?"

"లేదే."

"మరి అదంతట అదే పగిలిందా?"

అతను ఆలోచించాడు. ఎంత ఆలోచించినా పెన్ను గుర్తు రాలేదు, పెన్ను లేదన్నదీ గుర్తు రాలేదు. "ఏమో" అన్నాడు. ఆ ఒక్క మాటతో నేరం రుజువైపోయింది.

మేనకోడలు ఏడుస్తూ ఫోను చేస్తే మేస్త్రికి ఒళ్లు మండింది. "నేను చెల్లుతుందన్న మెషిన్‌కి ఏమవుతుంది? కంపెనీ తప్పు. నేను తెరిస్తే వారంటీ పోతుంది. సర్వీస్ సెంటర్‌కి పట్టుకుపో, కిక్కురుమనకుండా కొత్త స్క్రీను వేసిస్తారు" అన్నాడు. ఆమె వెళ్లింది. టోకెన్ తీసుకుని కూర్చుంది. పరీక్షించాలి, ఉంచి వెళ్లమన్నారు. మంగళవారం ఆరు దాటింది, బుధవారం ఆరు దాటింది. గురువారం పొద్దున్న మెషిన్‌తోపాటు ఒక కాగితం చేతిలో పెట్టారు. బయటి ఒత్తిడివల్ల పగిలింది, వారంటీ వర్తించదు.

ఆ పూటే మేస్త్రి కొట్లో మూల పడి ఉన్న పాత మానిటర్‌ను భుజాన వేసుకుని, మూడంతస్తులు ఎక్కి, లాప్‌టాప్‌కి తీగతో తగిలించాడు. బొమ్మ వచ్చింది. మేనకోడలు ఆరింటికి పది నిమిషాలుండగా ఆ రోజు పని పంపింది. తప్పిన రెండు రోజుల గురించి ఆఫీసువాళ్లు ఏమీ అనలేదు. సోమవారం చెబుతామన్నారు.

ఆదివారం మెషిన్‌కి సెలవు. మేస్త్రి దాన్ని కొట్టుకు తెచ్చి, షట్టరు సగం దించి, స్క్రీను అంచు ఊడదీశాడు. పెన్ను పెట్టి మూస్తే దెబ్బ ముందునుంచి తగలాలి. గాజు ముందువైపు నలగాలి. ముందు వైపు పైన ఒక్క గాటు లేదు, గీత లోపలే ఉంది. స్క్రీను ప్యానెల్‌ను వెనక్కి తిప్పాడు. వెనక పల్చటి రేకు ఉంటుంది. మూత ప్లాస్టిక్, నొక్కితే మళ్లీ లేచిపోతుంది, ఏ గుర్తూ మిగల్చదు. రేకుకు ఆ మంచితనం లేదు. రేకు మీద చిన్న సొట్ట, కంపెనీ గుర్తు ఉండే చోటికి సరిగ్గా రెండు వేళ్లు కిందగా. గుండ్రంగా కాదు, కాస్త కోలగా, ఒకవైపుకు ఒరిగి. వేలు పెట్టి చూసుకోవాల్సిన పని లేదు. అయినా పెట్టాడు. ఒదిగింది. ఒదిగిందని కళ్లకు తెలిసింది, వేలికి తెలియలేదు.

ఈ రోగం ఫలానా దెబ్బవల్ల వచ్చిందని ముప్పై ఏళ్లుగా జనానికి చెప్పి మెప్పు పొందిన మనిషి. ఇంత తేలిగ్గా ఏ కేసూ తేలలేదు ఆయనకు.

షట్టరు కింద నుంచి ఎవరో వంగి లోపలికి వచ్చారు. అల్లుడు. తల కొట్టుకోలేదు, ముందే వంచుకుని వచ్చాడు.

"మావయ్యగారూ, తెరిచారా?"

"ఆఁ, ఇప్పుడే."

"ఒక్క మాట చెప్పండి. పెన్ను పెట్టి మూసినట్టు నాకు గుర్తులేదు. రోజంతా బండి తోలి వచ్చి ఏం చేస్తానో నాకే తెలీదు, చేసే ఉంటాను. అది అయిదు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నిజంగా నేనే చేశానని తెలిస్తే సరే, పడతాను. మీకు చూస్తే తెలుస్తుంది కదా. పెన్ను గుర్తేనా?"

అల్లుడు అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం మేస్త్రి ఎన్నడూ వినలేదు. ప్యానెల్‌ను ఎందుకో బోర్లా తిప్పి పెట్టాడు.

"చెప్పలేం అల్లుడూ. చవక మెషిన్లు ఇంతే" అన్నాడు.

అల్లుడు తల ఊపి, వంగి, వెళ్లిపోయాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర భార్యకు సొట్ట సంగతి చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. "దానికి చెప్పారా?" అంది. లేదన్నాడు. "ఐతే ఇది నాకు చెప్పి ఏం లాభం?" అని చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసునుంచి నాలుగు వరుసలు వచ్చాయి. రెండు రోజులు పని అందనందున కొనసాగించలేకపోతున్నామని, ఆమె భవిష్యత్తు బాగుండాలని. సాయంత్రం మేస్త్రి వెళ్లేసరికి మేనకోడలు మానిటర్ తీగ చుట్టి కట్ట కట్టేసింది. మొగుడు వంటింటి గడప దగ్గర కింద కూర్చున్నాడు. అతని ముందు కంచం లేదు.

"బట్టల కొట్టుకి ఫోను చేశాను మావయ్యా" అంది. "ఎల్లుండి నుంచి రమ్మన్నారు. నా చోటు వేరేవాళ్లకిచ్చారట, పైఅంతస్తుకి రమ్మన్నారు. అక్కడ స్టూలు కూడా ఉండదు." మొగుడి వైపు చూడకుండా గొంతు పెంచింది. "కొందరికి ఒక పెన్ను తీసి పక్కన పెట్టడానికి కూడా చేతులు రావు, ఏం చేస్తాం."

"అది పెన్ను కాదే" అన్నాడు మేస్త్రి. "నేను."

"ఏమిటి నువ్వు?"

"షాపులో ఒత్తాను చూడు, మూడోసారి. అప్పుడే లోపల చిట్లింది, మూసి తెరిచేసరికి పాకింది. రేకు మీద సొట్ట ఉంది. నా వేలే."

ఆమె నవ్వింది. నవ్వులో నీళ్లున్నాయి. "ఊరుకో మావయ్యా. మా ఇద్దరికీ సంధి చేయడానికి ఇదొకటా? మొన్నటిదాకా నీ వేలు స్క్రూలు లెక్కపెట్టేది, కాళ్లనొప్పులు తగ్గించేది. ఇప్పుడు గాజులు కూడా పగలగొడుతోందా?"

"కబుర్లు కాదమ్మా. నిజం."

"నీ నిజాలు నాకు ఉగ్గుపాలనాటి నుంచి తెలుసు. ఎలుక ఉత్తరం చదవడం కూడా నిజమేగా."

మేస్త్రి జీవితంలో మొదటిసారి కథ కాని మాట ఒకటి చెప్పాడు, అది కథలా ఉంది. ఎంత విప్పి చెబితే అంత కథలా అయ్యేట్టుంది. ఇంకేం తోచక కుడిచేయి ఆమె ముందుకు చాపాడు.

"ఈ వేలికి స్పర్శ లేదు. చలికాలం నుంచి. నేను గోడ వైపు చూస్తుంటాను. గిల్లు. ఎన్నిసార్లు గిల్లావో చెబుతాను."

ఆమె విసుగ్గా చేయి అందుకుంది. ఆయన గోడ వైపు తిరిగాడు. గోడ మీద గంటల పట్టిక అంటించి ఉంది, ఏ పూట ఏ డాక్టరు మాటలు టైపు చేయాలో ఆమె రాసుకున్నది. దాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు.

"గిల్లవే" అన్నాడు.

తిరిగి చూస్తే ఆమె గోరు ఆయన వేలి కొసలో దిగబడి ఉంది. చర్మం తెగి రక్తం పూసలా వచ్చింది. ఆమె కళ్లు వేలి మీద లేవు, ఆయన మొహం మీద ఉన్నాయి.

"అత్తయ్యకు తెలుసా?" అంది.

"తెలుసు."

"సర్వీస్ సెంటర్‌కి పొమ్మన్నప్పుడు నీకు తెలుసా?"

"అప్పుడు తెలీదు. ఆదివారం తెలిసింది."

"ఆదివారం ఈయన నీ దగ్గరికి వచ్చి అడిగాడు."

"అడిగాడు."

ఆమె చేయి వదిలేసింది. తిడుతుందని చూశాడు. తిట్టినా బాగుండును, తిట్లకు జవాబులు ఆయన దగ్గర బోలెడున్నాయి. ఆమె వంటింట్లోకి వెళ్లి కంచంలో అన్నం పెట్టుకొచ్చి మొగుడి ముందు పెట్టింది. పక్కనే నేల మీద కూర్చుంది. అతను నాలుగు ముద్దలు తిన్నాడు. మేస్త్రి ఉన్నాడన్న సంగతి ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు.

మానిటర్ భుజానికెత్తుకోబోతే అల్లుడు చేయి కడుక్కుని వచ్చి అందుకున్నాడు. "బరువు, నేను తెస్తాను. బండిలో దింపుతాను."

వ్యాను ముందు సీట్లో ఇద్దరూ కూర్చున్నారు. అడుగడుక్కీ ఒక కథ చెప్పే మనిషికి ఆ దారిలో ఒక్కటీ నోటికి రాలేదు. అల్లుడు అనవలసిన మాట ఒకటుంది, అనే హక్కూ ఉంది. ప్రతి మలుపు దగ్గరా ఇప్పుడంటాడని మేస్త్రి ఒళ్లు బిగపట్టుకున్నాడు. అల్లుడు గేరు మార్చాడు, హారన్ కొట్టాడు, ఎదురొచ్చిన సైకిలుకు దారిచ్చాడు. మెట్ల కింది కొట్టు ముందు ఆపి, ఇటు తిరిగి వచ్చి తలుపు తీశాడు.

"చూసి దిగండి మావయ్యగారూ" అన్నాడు. "మెట్టు కాస్త ఎత్తు."